అమ్మ చెయ్యి విరిగిన సంగతి నెల తర్వాత తెలిసింది. తిరుపతికి వచ్చేయాలా, ఇక్కడే ఉండాలా?

కొర్లగుంట అమ్మాయి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. రాయాలా వద్దా అని నెల రోజులుగా అనుకుంటూ ఈ రోజు కూర్చున్నాను. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది తిరుపతి, కొర్లగుంట. నేను నర్సుని. 2019 జనవరిలో యూకే వచ్చాను, లీడ్స్‌లో ఉంటాం. అదే ఏడాది ఆగస్టులో మా ఆయన, బాబు వచ్చారు. అప్పటికి వాడికి ఏడాదిన్నర. 2024లో ముగ్గురికీ ఐఎల్‌ఆర్ వచ్చింది, అంటే వీసా టెన్షన్ లేకుండా ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఇప్పుడు సిటిజన్‌షిప్‌కు కూడా పెట్టుకోవచ్చు. మా ఆయన తన ఫారం నింపేశారు. నాది తెరిచి, పేరు రాసి, అక్కడే ఆపేశాను.

ఎందుకు ఆపానో చెప్పాలంటే మొన్న సంక్రాంతి గురించి చెప్పాలి.

పండక్కి మా ఇంట్లో పితికిపప్పు ఉండాల్సిందే. చిత్తూరు వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతా వాళ్ల కోసం రాస్తున్నా. పచ్చి అనపగింజలు, అంటే చిక్కుడు జాతి గింజలు, నానబెట్టి, ఒక్కో గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే, తోలు వేళ్ల మధ్యే ఉండిపోయి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. మంచులో కాసిన అనపకాయకు ఒక జిడ్డు, ఒక వాసన ఉంటాయి. ఎన్నిసార్లు కడుక్కున్నా వేళ్లను వదలదు ఆ వాసన. ఇక్కడ గుజరాతీ కొట్లో ఫ్రీజర్‌లో ఇవే గింజలు దొరుకుతాయి, సుర్తీ పాప్డీ లిల్వా అంటారు. కూర అవుతుంది గానీ ఆ వాసన రాదు. అమ్మ ప్రతి పండక్కీ వీడియో కాల్ చేసి గిన్నె చూపించేది. "నీ వాటా కూడా నేనే తింటాలే పాపా" అనేది.

ఈసారి గిన్నె చూపించలేదు. అడిగితే "అనపకాయలు బాగలేవు పాపా, అంతా పురుగు" అంది. చంద్రగిరిలో ఉండే మా పిన్నమ్మ అదే రోజు సంగటి, పితికిపప్పు ఫొటో వాట్సాప్‌లో పెట్టింది. అప్పుడు తట్టింది నాకు, నెల రోజులుగా అమ్మ ఫోను ఎడమచేత్తోనే పట్టుకుంటోందని. కుడిచెయ్యి ఎప్పుడు చూసినా కొంగు కిందే ఉంటోంది.

"అమ్మా, ఆ చెయ్యి చూపించు" అన్నాను. "ఎందుకు లేమ్మా" అంది. నేను మాట్లాడకుండా అట్లాగే ఉండిపోయాను. చివరికి కొంగు తీసింది. కట్టు విప్పి వారమైందట. మణికట్టు కొద్దిగా ఒక పక్కకు ఒంగి ఉంది, వేళ్లు వాచి ఉన్నాయి.

డిసెంబరులో కొళాయి నీళ్లు వచ్చే వేళకు హడావుడిగా పెరట్లోకి పోతూ జారి, చెయ్యి ఆనించి పడిందట. పక్కింటి ఆమెను తోడు తీసుకుని బస్సెక్కి పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చింది. ఆకుపసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు. పుత్తూరు కట్టును నేను తీసిపారేసే మనిషిని కాదు, మా నాయన కాలు అక్కడే కుదిరింది. కానీ ఒక ఎక్స్‌రే కూడా తీయించలేదు. నాకు చెప్పలేదు. నేను పనిచేసేది ఎముకల వార్డులో. తుంటి విరిగినవాళ్లు, మణికట్టు విరిగినవాళ్లు, అందరూ అమ్మ ఈడు వాళ్లే. నైట్ డ్యూటీ దిగి పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేస్తే అక్కడ ఒంటిగంటన్నర. రోజూ ఆ వేళకు ఆమె అన్నం తినేసి కూర్చునేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఎడమచేత్తో తినడం నాకు కనబడకూడదనే ముందే ముగించేది.

మా నాయన 2021 మేలో కోవిడ్‌తో పోయారు. అప్పుడు ఇండియా యూకే ప్రయాణ ఆంక్షల రెడ్ లిస్టులో ఉంది, నేనూ కోవిడ్ వార్డులోనే ఉన్నాను. ఫోన్లో చూశాను. దాని గురించి ఇంతకంటే రాయలేను.

మా ఆయన మంచివారే. ఆయన మాట ఒకటే: "ఇక్కడ నీకు గౌరవం ఉంది, బాబుకు స్కూలు ఉంది, అక్కడికి పోతే నీకిచ్చే జీతం ఎంత?" నేను వచ్చేముందు తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెలకు 14 వేలకు చేశాను. ఆయన అడిగేదానికి నా దగ్గర జవాబు లేదు. అమ్మను ఇక్కడికి పిలిపించుకోవడం దాదాపు అయ్యే పని కాదు, విజిటర్‌గా ఆరు నెలలు రావొచ్చు అంతే. రెండుసార్లు అడిగాను, ఇల్లు వదిలి రానంది. మా డాబా ఎక్కితే రాత్రిపూట గాలిగోపురం లైట్లు కనిపిస్తాయి. అవి చూసి దండం పెట్టుకుంటే గానీ ఆమెకు నిద్ర పట్టదు. నిజం చెప్పాలంటే, అవి చూడక నాకూ ఏడేళ్లుగా సరైన నిద్ర లేదు.

ఇట్లా ఆలోచించి తిరిగొచ్చినవాళ్లు, లేదా రాకుండా ఆగిపోయినవాళ్లు, మీకేం జరిగిందో చెప్పండి. ధైర్యం చెప్పమని అడగడం లేదు. జరిగింది చెప్పండి చాలు.

దామలచెరువు తోట:

చెల్లెమ్మా, నేను కువైట్‌లో 14 ఏళ్లు ఇంటి డ్రైవరుగా చేసి 2017లో వచ్చేసినోణ్ణి. మాది చదువుకున్నోళ్ల వలస కాదు. ఇంటి పనివాళ్ల వీసా మీద పెళ్లాం బిడ్డల్ని పిలిపించుకునే దారి లేదు. నా కూతురు పుట్టినప్పుడు నేను లేను, నడిచినప్పుడు లేను. మూడో ఏట నేను సెలవుకొస్తే నన్ను చూసి వాళ్లమ్మ వెనక దాక్కుంది. కాబట్టి నీ కష్టం నాకు తెలుసు, నా కష్టం వేరే రకమని కూడా నాకు తెలుసు.

జరిగింది చెప్పమన్నావు కదా. వచ్చిన మొదటి మూడు నెలలు ఇల్లంతా పండగ. చుట్టాలు, విందులు. ఆ మూడు నెలల్లోనే ముగ్గురు అప్పు అడిగారు, ఇద్దరికి ఇచ్చాను. నాలుగో నెల నుంచి ఊళ్లో ఎవరు కనబడినా ఒకే మాట, "మళ్లీ ఎప్పుడు పోతావు?" టీ అంగట్లో, గుళ్లో, ఆఖరికి మా బావమరిది కూడా. వాళ్లు చెడ్డగా అడగలేదు. పద్నాలుగేళ్లు నేను సెలవుకొచ్చి పోయేవాడినే కదా, వాళ్లకు అదే అలవాటు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నేను ఇంట్లో చుట్టంలాగా అయిపోయేవాణ్ణి. అది పోవడానికి రెండేళ్లు పట్టింది. ఈ సంగతి నాకు ముందు ఎవరూ చెప్పలేదు, అందుకే నీకు చెబుతున్నా.

డబ్బు సంగతి. తెచ్చిన డబ్బుతో మూడెకరాల మామిడి తోట తీసుకున్నా. అంతా తోతాపురి, మేం బెంగళూరా అంటాం. 2025లో కాయ బాగా కాసింది, ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అన్నారు. నేను ట్రాక్టరులో కాయ వేసుకుని ఒక జ్యూస్ ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు క్యూలో పడుకున్నా. రెండో రాత్రి కాయ మెత్తబడి కింది వరసలోంచి రసం కారతా ఉంటే, కువైట్‌లో ఏసీ గదిలో పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. అబద్ధం చెప్పను.

మరి ఎందుకు పోలేదు అంటావా. మూడో రోజు పొద్దున నా కూతురు స్కూటీలో క్యారియర్ తీసుకుని ఆ గేటు దగ్గరికి వచ్చింది. సంగటి, చెనక్కాయల ఊరిబిండి. ట్రాక్టరు చక్రం పక్కన కూర్చుని ఇద్దరం తిన్నాం. అంతకంటే నా దగ్గర వేరే జవాబు లేదు.

నువ్వు వస్తే ఏదో ఒక పని చేతిలో పెట్టుకునే రా. ఊరికే అమ్మను చూసుకోవడానికి వచ్చానని రావద్దు. ఖాళీగా ఉన్న మనిషిని మన ఊరు ఎక్కువ కాలం మర్యాదగా చూడదు.

మెట్లదారి:

అమ్మా, నేను రిటైరైన తెలుగు టీచరును. తిరుపతిలోనే ఒక్కదాన్నే ఉంటాను. నా కొడుకు న్యూజెర్సీలో. నీది చదివి రాత్రంతా నిద్రపోలేదు, ఎందుకంటే నేను మీ అమ్మ వైపు మనిషిని.

పోయిన ఏడాది నాకు కంటి ఆపరేషన్ అయింది. వాడికి చెప్పలేదు. నాలుగు రోజులు ఫోన్లో "వీడియో సరిగ్గా రావడం లేదు నాయనా, ఊరికే మాట్లాడు" అన్నాను. ఎందుకు దాచానో మీ అమ్మ తరఫున చెబుతాను. మీరు బాధపడతారని మాత్రమే కాదు. మీరు వచ్చేస్తారేమో అని. వచ్చేస్తే, ఆ తర్వాత మీ బతుకులో ఏది తక్కువైనా దానికి కారణం మేమే అవుతామని.

ఇది ఊహ కాదు, జరిగిందే. వాళ్ల నాయన పోయాక వాడు అమెరికా ఉద్యోగం వదిలి నాకోసం వచ్చాడు. మూడేళ్లు ఉన్నాడు. మొదట ఇంట్లోంచి పని, తర్వాత బెంగళూరులో ఆఫీసు, శుక్రవారం రాత్రి బస్సు, ఆదివారం రాత్రి బస్సు. "నీ కోసం వచ్చానమ్మా" అని ఒక్కనాడూ అనలేదు. కానీ తెల్లవారుజామున వచ్చి గేటు తీసే చప్పుడులోనే వాడు ఎంత అలిసిపోయాడో నాకు తెలిసేది. నేను పక్కమీద లేచి కూర్చుని వినేదాన్ని. మూడో ఏడు నేనే చెప్పాను, వెళ్లు నాయనా అని. వెళ్లేముందు ఇద్దరం అలిపిరి నుంచి నడిచి కొండెక్కాం. 3,550 మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ముందే చెప్పి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు. నేనూ ఏడ్చాను.

అందుకని నీకు చెప్పేది ఒకటే. మీ అమ్మను "బాగున్నావా" అని అడగకు. ఆ ప్రశ్నకు మా దగ్గర ఒకటే జవాబు ఉంటుంది. ఈ రోజు ఏం కూర చేశావు, ఎవరు తరిగారు, డాబా ఎక్కావా, రాత్రి ఎన్నిసార్లు లేచావు, అట్లా అడుగు. ఆ తర్వాత సూటిగా అడుగు, "నేను వస్తే నీకు సంతోషమా, భయమా" అని. జవాబు వచ్చేదాకా ఫోన్ పెట్టకు.

ఇంకో మాట. పక్కింటామె ఆ రోజు బస్సులో పుత్తూరు దాకా తోడు వెళ్లింది చూడు. ఆమెకు ఫోన్ చేసి మాట్లాడు. ఆమె నంబరు నీ దగ్గర ఉండాలి.

నాగలాపురం:

ముందు ఎక్స్‌రే తీయించండి అక్కా. మిగతావన్నీ తర్వాత. మా మేనత్తకు ఇట్లాగే వంకరగా అతుక్కుని, ఇప్పుడు చెంబు కూడా ఎత్తలేదు.

బైరాగిపట్టెడ సిస్టర్:

నేనూ నర్సునే. యూకేలో తొమ్మిదేళ్లు చేసి 2022లో తిరుపతి వచ్చేశాను. ఇప్పుడు ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. జీతం అక్కడ వచ్చినదాంట్లో ఎనిమిదో వంతు కూడా లేదు. ఆ లెక్క మీ ఆయన అడుగుతున్నారు కాబట్టి దాచకుండా చెబుతున్నాను.

మీరు రెండే దారులున్నట్టు రాశారు. మీకు ఐఎల్‌ఆర్ ఉంది కదా, కాబట్టి మధ్యలో ఇంకో దారి ఉంది. ఐఎల్‌ఆర్ ఉన్నవాళ్లు వరసగా రెండేళ్లు దాటి బయట ఉంటేనే అది పోతుంది. అంటే ఏడాదిన్నర ఇక్కడ ఉండి చూసి, కుదరకపోతే తిరిగి వెళ్లొచ్చు. నేను వచ్చింది ఆ ధైర్యంతోనే. ఐఎల్‌ఆర్ రాకముందైతే ఇది కుదిరేది కాదు, జీతం లేని సెలవు ఏడాదిలో నాలుగు వారాలు దాటితే స్పాన్సర్‌షిప్‌కే ఎసరు.

ఎన్‌ఎంసీ పిన్, అంటే యూకే నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, మాత్రం వదలకండి. ఏటా ఫీజు కట్టండి, మూడేళ్లకోసారి రీవాలిడేషన్, అంటే దాని రెన్యువల్, చేసుకోండి. మూడేళ్లలో 450 గంటల ప్రాక్టీసు కావాలి, ఇక్కడ నర్సుగా చేసిన గంటలు కూడా చూపించుకోవచ్చు. ఆ పిన్ కోసం మనం ఎన్ని రాత్రులు చదివామో మీకు తెలుసు. అట్లాగే ఆంధ్ర నర్సింగ్ కౌన్సిల్‌లో మీ రిజిస్ట్రేషన్ బతికే ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. నేను వచ్చాక చూసుకుని మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాను.

సిటిజన్‌షిప్ తీసుకుంటే ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, ఓసీఐ, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకిచ్చే కార్డు, తీసుకోవాలి. ఓసీఐ మీద ఇక్కడ నర్సుగా పని చేయొచ్చు, అందులో ఇబ్బంది లేదు. ప్రభుత్వ ఉద్యోగం, ఓటు ఉండవు. పొలం కొనలేరు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. కొర్లగుంట ఇంటికి ఏమీ కాదు. నేను పాస్‌పోర్టు మార్చలేదు, ఐఎల్‌ఆర్ కూడా గడువు దాటి పోయింది. ఆ రోజు తెలిసి తెలిసే వదిలేశాను, అయినా రెండు రోజులు అన్నం సహించలేదు. పన్ను సంగతి ఆడిటర్‌ను అడగండి. ఇన్నేళ్లు బయట ఉన్నారు కాబట్టి మొదటి రెండేళ్లో ఎంతో ఆర్‌ఎన్‌ఓఆర్ అనే పన్ను హోదా ఉంటుంది, ఆ కాలంలో అక్కడి పొదుపు మీద వచ్చే వడ్డీకి ఇక్కడ పన్ను పడదు.

అసలు కష్టం పిల్లలది. నా కూతురు తొమ్మిదో ఏట వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడేది గానీ అక్షరం రాదు. క్లాసులో రెండో భాష తెలుగు. మొదటి యూనిట్ టెస్టులో 25కు 2. ఆ పేపరు మడిచి మడిచి చిన్న చీటీలా చేసి జామెట్రీ బాక్సులో దాచుకుంది. "అమ్మా, నేనిక్కడ తెలివితక్కువదాన్నా?" అని ఇంగ్లీషులో అడిగింది. ఏడాది పట్టింది. ఒకరోజు లీలామహల్ సర్కిల్లో సిటీ బస్సు మీద "తి-రు-చా-నూ-రు" అని కూడబలుక్కుని గట్టిగా చదివింది. ఇప్పుడు బాగుంది. కానీ ఆ ఏడాది ఆ పిల్ల ఒంటరిగా పడింది, నేను మా అమ్మ దగ్గరికి వచ్చిన సంతోషంలో ఉన్నాను. మీ బాబుకు ఇప్పుడు ఎనిమిదేళ్లు కదా. ఈ రోజు నుంచే అక్షరాలు మొదలుపెట్టండి. రావడం రాకపోవడం తర్వాత.

చివరిగా, చూడటానికి వస్తే పండక్కి రావద్దు. సంక్రాంతికి ఏ ఊరైనా బాగుంటుంది. రోహిణి కార్తెలో రండి. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఆ ఇంట్లో కూర్చుని ఆలోచించండి.

కొర్లగుంట అమ్మాయి:

అందరికీ జవాబు ఆలస్యమైంది. మూడు వారాలైంది.

ముందుగా, ఎక్స్‌రే తీయించాం. పక్కింటి అత్తే తీసుకెళ్లింది. ఆమెకు ఫోన్ చేస్తే నేను అడగకముందే ఏడ్చేసింది, "చెప్పొద్దని మీ అమ్మ ఒట్టు వేయించుకుంది పాపా" అని. ఎముక అతుక్కుంది, కాస్త వంకరగానే. ఆపరేషన్ అక్కర్లేదు, వేళ్లకూ మణికట్టుకూ వ్యాయామం చేయించమన్నారు.

టీచరమ్మా, మీరు చెప్పినట్టే అడిగాను. "నేను వచ్చేస్తే నీకు సంతోషమా, భయమా?" చాలాసేపు మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు వినబడుతోంది. తర్వాత అంది, "రెండూ. నువ్వు వస్తే నాకు సంతోషం. ఆ పిల్లోడు నన్ను చూసి మొగం తిప్పుకుంటాడేమో అని భయం." నేను ఈ మాట ఎప్పుడూ అనుకోలేదు. నాయన పోయినప్పటి నుంచీ ఆమె ఒంటరితనం గురించే ఆలోచించాను. మనవడికి తను పరాయిదైపోయిందని ఆమె బాధపడుతోందని నాకు తట్టనే లేదు. వాడు ఆమెతో ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడి ఫోన్ నాకిచ్చేస్తాడు. అది తప్పని నేనెప్పుడూ వాడికి చెప్పలేదు.

కాబట్టి ఇప్పటికి అనుకున్నది ఇది. సిటిజన్‌షిప్ ఫారం ఈ ఏడాదికి పక్కన పెట్టాను. మా ఆయన ముందు కోప్పడ్డారు, ఆ రెండేళ్ల సంగతి చూపించాక "సరే, లెక్క వేద్దాం" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడమే నాకు చాలా. సెలవులన్నీ కలిపి మే నెలలో ఐదు వారాలు నేను ఒక్కదాన్నే వస్తున్నాను. బాబు, ఆయన జూలై చివర్లో స్కూలు సెలవులకు వస్తారు. అమ్మకు చెబితే, "గంగజాతర చాటింపు లోపల వచ్చేయి, చాటింపు అయినాక ఊరి వాళ్లు పొలిమేర దాటకూడదు" అంది. నన్ను ఊరి మనిషి లెక్కలోనే వేసింది. బైరాగిపట్టెడ సిస్టర్‌, మేలో మీ కాలేజీకి వచ్చి కలుస్తాను, వీలైతే ఒక పూట మీ క్లాసులో కూర్చుంటాను. దామలచెరువు అన్నా, పని చేతిలో పెట్టుకునే వస్తాను, మీ మాట గుర్తుంది.

వ్యాయామానికి మెత్తటి బంతి కొనుక్కోమన్నాను. అమ్మ కొనలేదు. ఎండు అనపగింజలు నానేసుకుని కూర్చుంటోంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కాలి. మొదటి రోజు ఒక్క గింజ కూడా తోలు వదల్లేదు, వేళ్లు వణికాయి. ఇప్పుడు నేను డ్యూటీ దిగగానే ఫోను గోడకు ఆనించి పెట్టుకుంటుంది, నేను లెక్కపెడతాను. శని, ఆదివారాలు బాబును పక్కన కూర్చోబెట్టి వాడిచేత లెక్కపెట్టిస్తున్నాను, తెలుగులో. "పదకొండు" దగ్గర వాడు ఆగిపోతే అమ్మ అందిస్తోంది. నిన్న పద్నాలుగు గింజలు వచ్చాయి.